డీజిలు మూతకు చిల్లు

"కళ్ళు యాడ పెట్టుకొని తోల్తుండావయ్యా బండిని?"

కృష్ణపట్నం దగ్గర కాలవగట్టు మీద ఆ కేక వినబడగానే లారీ ఆగింది. ఆగింది గానీ, ఒక్క క్షణం ఆలస్యంగా ఆగింది. ఆ ఒక్క క్షణంలోనే లారీ వెనక తగిలించిన ట్రైలర్ పక్కకు వంకర తిరిగి, గట్టు మీది రాళ్ల పొయ్యిని మెల్లగా ఒక తోపు తోసింది. పొయ్యి మీద ఉడుకుతున్న గుగ్గిలం కుండ దొర్లి, పగిలి, జిగురంతా ఇసుకలో పారింది.

పడవ చెక్కల సందుల్లో కొబ్బరిపీచు దట్టించి, దానిపైన పూసేది ఆ గుగ్గిలమే. అది లేకపోతే మద్రాసు దాకా కట్టెలూ ఉప్పూ మోసే కాలవ పడవలు ఊరు దాటకుండానే మునుగుతాయి. పొద్దుటి నుంచి దాన్ని కలియబెడుతూ కూర్చున్న నవోమి, ఇప్పుడు ఆ కర్ర చేత పట్టుకొని లేచి నిలబడింది. పడవలు బాగుచేసే జకరయ్యకు ఒక్కగానొక్క కూతురు ఆమె. కర్ర పట్టుకున్న తీరు చూస్తే గుగ్గిలం కలపడానికి పట్టుకున్నట్టు మాత్రం లేదు.

లారీలోంచి ఒక కుర్రాడు దూకాడు. ఖాకీ ప్యాంటు, మోచేతుల దాకా మడిచిన చొక్కా, చెంప మీద ఆయిలు మరక.

"సారీ అండీ! ట్రైలర్‌తో రివర్సు పోవడం నాకు కొత్త. నేను కుడికి తిప్పితే అది ఎడమకు పోతాది."

"నీ మాట ఇనని దాన్ని వెనక కట్టుకొని ఊళ్ల మీదికి ఎందుకొచ్చినావు?"

"నా పేరు హెబ్రోను."

"నేను పేరడిగినానా? కుండ అడుగుతుండా."

"మాది బిట్రగుంట. మా అయ్య రైలు షెడ్డులో ఫిట్టరు."

"బైబిల్లో హెబ్రోనంటే ఊరి పేరు గదా? మనిషికెట్టా పెట్టినారు?" అడగకూడదనుకుంటూనే అడిగేసింది నవోమి.

"నాకు అన్నలు జాస్తి. నా దాకా వచ్చేసరికి మనుషుల పేర్లన్నీ అయిపోయినాయి. ఊరు మిగిలింది."

నవోమికి నవ్వొచ్చింది. వచ్చిన నవ్వును పంటి కింద నొక్కిపెట్టి, "కుండ" అంది.

"రేపు తెచ్చిస్తా."

"మట్టిది తెస్తే ఎల్లుండి మళ్లా పగలగొడతావు."

మరునాడు అతను తెచ్చింది మట్టికుండ కాదు. డీజిలు డ్రమ్ము అడుగు కోసి, అంచులు సుత్తితో మడిచి, రెండు చెవులు తగిలించి చేసిన ఇనప పాత్ర. "ఇది నా ట్రైలర్ తగిలినా పగలదు" అన్నాడు గర్వంగా. "అంతా సొట్టలే" అని మూతి తిప్పింది నవోమి. ఆ తరవాత మాత్రం ఇంకో పాత్రలో ఆమె గుగ్గిలం కాచనేలేదు.

అది వెయ్యిన్ని తొమ్మిది వందల అరవై ఒకటి. కోవూరులో రైసుమిల్లు ఉన్న పద్మనాభయ్య, ఉప్పు పండే కొటార్ల నుంచి ఉప్పును నెల్లూరు గూడ్సుషెడ్డుకు చేరవేయడానికి కొత్తగా కాంట్రాక్టు పట్టాడు. "ఒకే ఇంజనుతో రెండు బండ్ల సరుకు లాగించే పూచీ నాదయ్యా" అని ఆయన చేత ట్రైలర్ కొనిపించిన మొనగాడు హెబ్రోనే. అంతవరకు ఆ ఉప్పు పడవల్లో పోయేది. అందుకే జకరయ్యకు ఆ లారీ హారను వినబడితే చాలు, ఒళ్లు మండేది.

ఇంతలో ఇంకో సంగతి జరిగింది. ఒకరోజు హెబ్రోను డబ్బా పట్టుకొని రేడియేటరులో పోయడానికి కాలవలోకి దిగుతుంటే, నవోమి పరుగెత్తుకొచ్చింది.

"ఓ ఊరుపేరాయనా! ఆ నీళ్లు పోస్తే నీ బండి పేగులు తుప్పు పట్టిపోతాయి. పోటుకు సముద్రం నీళ్లు ఎక్కినాయి, ఉప్పుకషాయంగా ఉండాయి."

"మరి మంచినీళ్లు యాడ దొరకతాయి?"

"మా చెలమలో."

ఇసుకలో తవ్విన ఆ చెలమ నుంచి ముంతతో తోడి డబ్బా నింపిందామె. అది మొదలు ప్రతి ట్రిప్పుకూ లారీ ఆ గట్టు దగ్గర ఆగడం అలవాటు చేసుకుంది. దాహం వేసినా వేయకపోయినా ఆగేది.

"ఆ దయ్యం బండికి నా చెలమ నీళ్లా!" అని జకరయ్య గొణిగాడు.

"దాహమన్నోడికి నీళ్లు పోయకపోతే పాపం రా" అంది అతని తల్లి మగ్దలీనమ్మ, చుట్ట ఆర్పుతూ.

"దాహం వాడికి కాదమ్మా, బండికి."

"బండిని వదిలేసి వాడొక్కడే రాలేడు గదరా. అందుకని దానికీ పోస్తుండాది."

ముసలమ్మకు కళ్ళు సరిగా ఆనవు. అయినా కావలసినవన్నీ కనబడుతూనే ఉండేవి.

నవోమికి అతనిలో నచ్చింది మాటకారితనం కాదు. అలాంటి మాటలు పడవల సరంగులు బోలెడు చెబుతారు. హెబ్రోను ఇంజను మూత ఎత్తి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఇనుముకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకొని కళ్ళు మూసుకునేవాడు. అప్పుడు అతని ముఖం చూడాలి. చిన్నబిడ్డ గుండె చప్పుడు వింటున్నట్టు ఉండేవాడు. నవోమి ఇంట్లో అందరూ మాట్లాడేవాళ్లే. అంత శ్రద్ధగా వినే మనిషిని ఆమె చూడడం అదే మొదలు. చూసినకొద్దీ ఇంకాసేపు చూడాలనిపించేది.

బయలుదేరే ముందు అతను చేసే పని ఒకటుంది. డీజిలు ట్యాంకు మూత తిప్పి తీసి, సన్నటి వెదురుకర్రను పాతగుడ్డతో తుడిచి లోపలికి ముంచి, బయటికి తీసి, ఎంతదాకా తడిసిందో కంటి దగ్గర పెట్టుకొని చూసేవాడు. ఆ కర్ర ఎటు పట్టుకుంటాడో, గుడ్డ ఏ జేబులో పెడతాడో కూడా నవోమికి కంఠస్థం.

"నీ ఇంజనుకు అన్నింటికన్నా శత్రువెవరు?" అని ఒకసారి అడిగింది.

"నీళ్లు."

"నేను పోసే నీళ్లేనా?"

"అవి రేడియేటరుకు పాలు. డీజిల్లో పడితే మాత్రం విషం. నాలుగు చుక్కలు చాలు, ఇంజను దగ్గి దగ్గి చస్తాది."

ఆ మాట నవోమి మనసులో బాగా నాటుకుంది.

అక్టోబరు చివర్లో ముసురు పట్టింది. ఓ మధ్యాహ్నం వాన దంచి కొడుతుంటే, మగ్దలీనమ్మ హెబ్రోనును బలవంతంగా వసారాలో కూర్చోబెట్టి చేపలపులుసుతో అన్నం వడ్డించింది. నవోమి గోనెసంచి నెత్తిన వేసుకొని ఊరికే లారీ దాకా వెళ్లింది. ఊరికే అంటే, ఊరికే.

ట్యాంకు మూత నడుమ కొంచెం లొత్తపడి ఉంది. లొత్తలో వాననీళ్లు నిలిచాయి. ఆ నీళ్ల అడుగున గుండుసూది పట్టేంత చిల్లు. చూస్తుండగానే నీళ్లు మెల్లగా లోపలికి దిగుతున్నాయి.

పడవలవాళ్ల ఇంట పుట్టిన పిల్ల ఆమె. 'చిల్లు పొడిచినోడూ, చిల్లు చూసి ఊరకున్నోడూ ఒకటే' అని జకరయ్య ఆమెకు ఉగ్గుపాలతో పోసిన మాట. ఒక్క పరుగున వెళ్లి, ఆ సొట్టల పాత్రలోంచి గోరువెచ్చటి గుగ్గిలం చిటికెడు తెచ్చింది. మూత తుడిచి, రవంత పీచు మెలిపెట్టి చిల్లులో దూర్చి, పైన గుగ్గిలం అద్ది, తనకు వాటమైన ఎడమచేతి బొటనవేలితో నొక్కింది. మంచి పని కంటికి కనబడకూడదని కూడా నాయన మాటే. అందుకని కాస్త మసి రాసి, మూత రంగులో కలిపేసింది.

హెబ్రోనుకు చెప్పలేదు. ఏమని చెబుతుంది? 'నీ బండి తడుస్తుంటే నాకు మనసొప్పలా' అనా? సిగ్గుతో ఊరుకుంది.

ఆ మరునాటి నుంచే లారీకి చలిజ్వరం పట్టుకుంది.

"ఉట్టి లారీ అయితే గుర్రమే" అన్నాడు హెబ్రోను తల పట్టుకొని, చెలమ పక్కన కూలబడి. "ట్రైలర్ తగిలించి నిండా లోడేస్తే ముత్తుకూరు దాటినాక మొదలు. ముందు రవంత జర్కు. ఆ మీద చేతిలో స్టీరింగు వణుకు. ఆనక ఇంజను మొత్తం గడగడా గడగడా!"

"దేనివల్లో తెలియలా?"

"కానిదాన్నంతా కాదని తోసేసుకుంటా పోవాల. అప్పుడు అయ్యేది తనంతట మిగలతాది. మొదట ట్రైలర్ కొండి వదులై లాగుతుండాదనుకున్నా. బిగించినా. అది కాదు. క్లచ్చి అనుకున్నా. నిలబెట్టి చూసినా, ఎత్తున ఎక్కించి చూసినా. అదీ కాదు. నాజిళ్లు విప్పి కడిగినా. డీజిలు ఫిల్టరు కొత్తది ఏసినా. ట్యాంకు కూడా అడుగు దాకా ఒంచి చూసినా. వానలు గదా, నీళ్లు పడినాయేమోనని."

నవోమి చప్పున తలెత్తింది. "నీళ్లుండాయా?"

"ఒక్క చుక్క లేదు. ఈ వానల్లో కూడా! ఆశ్చర్యంగా ఉండాది."

నవోమి తలవంచుకొని ముంతలోకి చూసి నవ్వుకుంది. ఎంత గర్వపడిందో పిచ్చిపిల్ల!

"వణుకు వస్తే ఏం చేస్తావు మరి?"

"బండి ఆపి, మూత తీసి కర్ర ముంచి డీజిలుందా అని చూస్తా. ఉంటాది. మూత పెట్టి, ఫిల్టరు కాడ నట్టు వదులు చేసి, చేతిపంపు కొట్టి, చేరిన గాలి పోగొడతా. మళ్లా కొంచెం దూరం మంచిగా పోతాది. మళ్లా అదే పాట."

రోజులు గడుస్తున్నాయి. అతని కళ్ళు లోపలికి పోయాయి. అయినా ఇంజను మీద ఒక్కసారి విసుక్కోలేదు. ప్రతి మరనూ విప్పి, తుడిచి, గుడ్డ మీద వరసగా పేర్చి, దేన్ని తీసిన చోట దాన్నే బిగించేవాడు. ఆ ఓపిక చూస్తుంటే నవోమికి ముచ్చటా, బాధా రెండూ కలిగేవి.

చివరికి పద్మనాభయ్య గట్టు మీదికి వచ్చి తేల్చేశాడు.

"ఈ ట్రైలర్ కొని కొరివితో తల గోక్కున్నట్టయింది హెబ్రోనూ. సోమవారం నేనే బండిలో కూసుంటా. నెల్లూరు దాకా వణక్కుండా పోయిందా, సరే. వణికిందా, ట్రైలర్ అమ్మేస్తా. ఉప్పు పడవల్లోనే పోతాది. నువ్వు బిట్రగుంట పోయి మీ అయ్య కాడ రైలింజన్లు తుడుచుకో."

పడవ సందులో పీచు దట్టిస్తున్న సుత్తి దించి జకరయ్య ఆ మాటలు విన్నాడు. అతని ముఖంలో చాలా రోజులకు వెలుగు కనబడింది. ఆ వెలుగు చూసి నవోమి సంతోషించాలి. నాయనకు పని దొరుకుతుంది. కాని లారీ ఇక గట్టు దగ్గర ఆగదు. ఆ రెండు సంగతులనూ ఒకే గుండెలో పెట్టుకోవడం ఆమెకు చేతకాలేదు.

సోమవారం మగ్దలీనమ్మ కళ్ళు చూపించడానికి నెల్లూరు మిషను ఆసుపత్రికి పోవాలి. బస్సు చెడిపోయి మూలబడింది. "మన బండిలోనే రాండమ్మా" అన్నాడు పద్మనాభయ్య. ముందు సీటులో హెబ్రోను, ఆ పక్కన పద్మనాభయ్య, ఆ పక్కన మగ్దలీనమ్మ, కిటికీ దగ్గర నవోమి. ఇద్దరు పెద్దవాళ్ల అవతల నుంచి హెబ్రోను చెయ్యి ఒక్కటే కనబడుతోంది ఆమెకు. అదే చూస్తూ కూర్చుంది.

జకరయ్యను కూడా ఎక్కమంటే, "ఆ పొగగూట్లో నేను కూసోను" అని వెనక ట్రైలర్లో ఉప్పు బస్తాల మీద గొడుగు వేసుకొని రాజాలాగా కూర్చున్నాడు.

బయలుదేరే ముందు పద్మనాభయ్య కళ్ళ ఎదుటే డ్రమ్ములోంచి ట్యాంకు అంచు దాకా డీజిలు నింపాడు హెబ్రోను. "మధ్యలో డీజిలు తక్కువన్నావంటే ఒప్పుకోను" అన్నాడు పద్మనాభయ్య.

సగం దారి కూడా రాలేదు. మగ్దలీనమ్మ ఒళ్లోని మంచినీళ్ల చెంబు మీద మూత టకటకమంది. హెబ్రోను చేతులు స్టీరింగు మీద బిగుసుకున్నాయి. ఆ వెంటనే లారీ ముందూ వెనకా ఊగి, ఇంజను గడగడలాడి, ఒక దగ్గు దగ్గి ఆగిపోయింది.

హెబ్రోను దిగి, ఫిల్టరు దగ్గర నట్టు వదులు చేసి, చేతిపంపు కొట్టి, నట్టు బిగించి, స్టార్టు చేశాడు. పట్టుమని నాలుగు ఫర్లాంగులు పోలేదు. మళ్లీ వణుకు. మళ్లీ దిగాడు. ఈసారి స్టార్టయినంతలోనే ఆగింది.

"ఇన్నాళ్లూ ఒకసారి గాలి తీస్తే కొంతదూరమన్నా పోయేది. ఇయ్యాళ అదీ పాయె" అన్నాడు పద్మనాభయ్య, దిగి రోడ్డు మీద నిలబడి.

హెబ్రోను దీనంగా చూడలేదు. కళ్ళు చిట్లించి చూశాడు. ఆ చూపు నవోమికి తెలుసు. ఏదో వినబడబోతున్నప్పటి చూపు అది.

"అవునయ్యా. రోజూ పోయేది, ఇయ్యాళ పోలా. అంటే రోజూ చేసేది ఏందో ఇయ్యాళ చెయ్యలా. ఏంది నేను చెయ్యంది? నట్టు వదులు చేసినా. పంపు కొట్టినా. బిగించినా..."

"కర్ర ముంచలా మీరు" అంది నవోమి కిటికీలోంచి.

అందరూ అటు తిరిగారు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఆగలేదు.

"రోజూ ముందు మూత తీసి కర్ర ముంచుతారు. కుడి జేబులో గుడ్డ తీసి తుడిచి, ఆనక ముంచుతారు. ఇయ్యాళ ట్యాంకు నిండుగా ఉండాది గదా అని మూతే తియ్యలా."

హెబ్రోను ఆమెను చూసిన చూపుకు నిర్వచనాలు అక్కరలేదు. ఒక మనిషి తనను ఇంతగా చూస్తూ ఉండగా తాను మరలలో తల దూర్చి కూర్చున్నానే అనుకున్న చూపు అది. తరవాత ట్యాంకు దగ్గరికి వెళ్లి మూత తిప్పాడు.

"హుస్స్‌స్‌..."

బయటి గాలి లోపలికి జొరబడ్డ చప్పుడు రోడ్డు అవతల మేస్తున్న గొర్రెలకు కూడా వినబడింది.

"ఊపిరాడలా దీనికి!" అని అరిచాడు హెబ్రోను. "డీజిలు తాగేకొద్దీ ఆ జాగాలోకి గాలి పోవాల గదా. పోయే దారి లేదు. ట్రైలర్ లాగేటప్పుడు ఎక్కువ తాగుతాది, తొందరగా ఉక్కిరిబిక్కిరవుతాది. ఉట్టి బండి అయితే తక్కువ తాగుతాది, తెలియదు. వణికినప్పుడల్లా నేనే మూత తీసి ఊపిరి పోసి, గాలి తీయడం వల్ల బాగుపడిందనుకున్నా. ఎంత తెలివితక్కువోణ్ణి!"

"మూతకు చిల్లు ఉంటాది గదా మరి?" అన్నాడు పద్మనాభయ్య.

"ఉండాల." హెబ్రోను మూతను గుడ్డతో గట్టిగా రుద్దాడు. మసి పోయింది. నడుమ పసుపుపచ్చగా, అద్దంలా మెరుస్తూ ఒక చుక్క కనబడింది.

పద్మనాభయ్య దాన్ని గోటితో గీకి వాసన చూశాడు. ముఖం మారిపోయింది. తల ఎత్తి ట్రైలర్ మీదికి చూశాడు. "జకరయ్యా! దిగు. ఇది గుగ్గిలం. పైన మసి పూసి మరీ దాచినావు. పడవలకు ఉప్పు దక్కాలని నా బండి గొంతు పిసుకుతావా?"

విషమవుతుందని నీళ్లు పడకుండా మూసింది. మూసి తానే ఊపిరి తీసింది. ఇన్నాళ్లూ అతని కళ్ళు గుంటలు పడింది తన వేలిముద్ర వల్ల!

జకరయ్య గొడుగు ముడిచి దిగివచ్చాడు. మూత చేతిలోకి తీసుకొని ఒక్కసారి చూశాడు. పీచు మెలి ఎడమ నుంచి కుడికి తిరిగి ఉంది. ఎడమచేతివాటం మనిషి పెట్టిన మెలి అది. ఆ పని నేర్పింది తనే. మూత మీది నుంచి కళ్ళెత్తి కూతురి వైపు చూశాడు. మళ్లీ మూత వైపు చూశాడు.

"నా చేతిపనే" అన్నాడు.

ఏనాడూ అబద్ధమాడని మనిషి. ఏసు గుడిలో పెద్ద. ఆ రెండు మాటలూ ఎంత కష్టంగా వచ్చాయో నవోమికి వినబడింది. తలుపు తోసుకొని కిందికి దూకింది.

"నాయన కాదు! నేను పెట్టినా."

"ఊరుకోమే!" అన్నాడు జకరయ్య.

"ఎందుకూరుకోవాల? ఆ రోజు వానలో మూత మీద నీళ్లు నిలిచి లోపలికి దిగుతుండాయి. డీజిల్లో నీళ్లు పడితే ఇంజను చస్తాదని ఆయనే చెప్పినాడు. చిల్లు చూసి ఊరకుంటే పాపమని నువ్వే చెప్పినావు. అందుకని మూసినా. మసి పూసింది దాచను కాదు. పని నున్నగా ఉండాలని. నాయనకు ఏమీ తెలియదయ్యా. తప్పంతా నాది."

పద్మనాభయ్య కోపం సగంలో ఆగి, ఎటు పోవాలో తెలియక నిలబడింది.

"ఏందమ్మాయ్, మీ పొట్ట కొట్టే బండి గదా ఇది? ఇది తడిస్తే నీకేం, ఎండితే నీకేం? నా బండి మీద నీకంత అక్కర ఎందుకు?"

నవోమి కాలి బొటనవేలితో రోడ్డు మీది కంకరను గీస్తూ నిలబడింది.

లారీ కిటికీలోంచి మగ్దలీనమ్మ గొంతు వినబడింది.

"అక్కర బండి మీద కాదులే నాయనా."

పద్మనాభయ్య ముసలమ్మను చూశాడు, నవోమిని చూశాడు, నోరు తెరుచుకొని నిలబడ్డ హెబ్రోనును చూశాడు. చివరికి పకపకా నవ్వాడు. "ఓర్నీ! ఇన్ని నాజిళ్లు విప్పినావు, ఈ సంగతి మాత్రం కనిపెట్టలేకపోయినావా అబ్బయా!"

"కనిపెట్టినా అయ్యా" అన్నాడు హెబ్రోను మెల్లగా. "నాకుండేదే ఆమెకూ ఉండాదో లేదో, అది తేలలా. అడగను ధైర్యం చాలలా. రోజూ నీళ్లు అడుగుతా ఉండా."

నవోమి తలెత్తింది. వాళ్లిద్దరి మధ్యా ఆ క్షణాన ఏమి జరిగిందో రాయడం అనవసరం. చూపులు కలిశాయి, అంతే. పక్కన ఇద్దరు పెద్దమనుషులు ఉన్న సంగతి మరిచిపోయి మరీ కలిశాయి.

జకరయ్య మాత్రం నవ్వలేదు. నడుముకు ఎప్పుడూ చెక్కుకొని ఉండే దబ్బనం తీశాడు. మూతను మోకాలి మీద పెట్టుకొని, కూతురు పెట్టిన గుగ్గిలం నడుమ దబ్బనం మొన ఆనించాడు.

"పుట్టినకాడి నుంచీ చిల్లులు మూసినోణ్ణే గాని పొడిచినోణ్ణి కాదు" అన్నాడు. "ఇదే మొదలు."

దబ్బనం దిగింది. మూతను కంటికి ఎత్తి, చిల్లులోంచి వెలుతురు వస్తోందా అని చూసి, హెబ్రోను చేతిలో పెట్టాడు. ఆ పెట్టడంలోనే నాయన ఒప్పుకున్నాడని నవోమికి తెలిసిపోయింది. కళ్ళు తుడుచుకుంది.

ఆ తరవాత లారీ నెల్లూరు దాకా ఒక్కచోట వణికితే ఒట్టు. మగ్దలీనమ్మ చెంబు మూత కదలనుకూడా లేదు. గూడ్సుషెడ్డు ముందు దిగుతూ పద్మనాభయ్య, "జకరయ్యా, తొందరపడి మాట జారినా. మనసులో పెట్టుకోమాక" అన్నాడు. "ఈ ట్రైలర్ పలకల సందుల్లోంచి వానకు ఉప్పు కరిగి కారిపోతుండాది. పడవకు చేసినట్టు దీనికీ చేస్తావా? ఇంకో రెండు ట్రైలర్లు కూడా కొంటా. అన్నీ నీకే."

"చేస్తా" అన్నాడు జకరయ్య. "కాకపోతే ఏది మూయాలో, ఏది మూయకూడదో నీ డ్రైవర్ని ముందే గుర్తు పెట్టమను."

చినుకులు మొదలయ్యాయి. నవోమి చటుక్కున ట్యాంకు మూత మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

"మళ్లా మూస్తుండావా?" అన్నాడు హెబ్రోను.

"మూస్తే ఊపిరాడదు. తెరిస్తే నీళ్లు పడతాయి. ఎట్టా మరి?" కొంచెంసేపు ఆలోచించింది. "పడవ లాంతరుకు పైన టోపీ ఉంటాది చూడండి. పొగ పోతాది, వాన రాదు. అట్టాంటిది దీనికి పెడితే?"

హెబ్రోను పాత కిరసనాయిలు డబ్బా రేకు ఒకటి వెతికి, కత్తిరించి, చిన్న గొడుగులాగా వంచి, చిల్లు మీద కొంచెం ఎత్తుగా నిలబెట్టాడు. చినుకులు దాని మీద పడి పక్కకు జారిపోయాయి.

"నువ్వు బిట్రగుంట షెడ్డులో పుట్టాల్సింది నవోమీ."

"పుట్టకపోతే ఏం? రాకూడదా?"

అనేసి, తన మాటకు తనే బెదిరి, అవ్వను ఆసుపత్రికి తీసుకుపోవాలంటూ గబగబా నడిచింది. వెనక జకరయ్య గొంతు సవరించుకోవడం వినబడి ఇంకా గబగబా నడిచింది.

"ఏమయ్యా హెబ్రోనూ! మీ అయ్యను వచ్చి గుడి పెద్దలతో మాట్లాడమను. లారీలో మాత్రం తీసుకురాబాక."

"రైలు కృష్ణపట్నం దాకా రాదు గదా మామా."

ఆ పిలుపుకు జకరయ్య మీసం కదిలింది. "అయితే పడవ పంపిస్తా" అన్నాడు.

అన్నట్టే పెళ్లివారు కాలవ మీద పడవలో వచ్చారు. అన్నలందరూ, వాళ్ల పిల్లలూ కలిసి పడవ నిండిపోయింది. గుడిలో పాదిరిగారు ప్రార్థన ముగించాక, పెళ్లికూతురు మాత్రం లారీలో బయలుదేరింది. వెనక ట్రైలర్ నిండా చుట్టాలు. మగ్దలీనమ్మ పట్టుబట్టి ముందు సీటులోనే కూర్చుంది.

హెబ్రోను స్టార్టు చేయబోతుంటే జకరయ్య చెయ్యి ఎత్తి ఆపాడు. ట్యాంకు దగ్గరికి పోయి, రేకు గొడుగు కింద దబ్బనం పెట్టి, చిల్లు తెరిచి ఉందో లేదో చూసుకున్నాడు. తరవాత దబ్బనాన్ని నడుముకు చెక్కుకుని, కూతురున్న కిటికీ వైపు ఒకసారి చూశాడు.

"ఊపిరి బాగానే ఆడతాది. పోయి రాండమ్మా" అన్నాడు.